జంబోకి వేరే కుండ

దక్షిణాఫ్రికాలోని టోంగాట్ చక్కెర మిల్లు కాంటీన్‌లో ముప్పై ఏళ్ళపాటు మూడు వందల మందికి వండిపెట్టిన మంగమ్మతో, ఇంట్లో ఒక్క కుక్కని మేపలేమని ఎవరైనా అంటే ఒళ్ళు మండదా? మండింది. అన్నవాడు కన్నకొడుకు సగ్రెన్ కావడంతో ఇంకాస్త మండింది.

తొంభై నాలుగు మొదట్లో సంగతి. ఏప్రిల్‌లో దేశంలో అన్ని రంగులవాళ్ళూ ఒకే వరసలో నిలబడి ఓటు వెయ్యబోతున్నారని ఊరంతా అదే మాట. సగ్రెన్‌కి మాత్రం మిల్లులో వారానికి మూడు రోజులే పని దొరుకుతోంది. ఇంటి ఖర్చులన్నీ తిరగేసి తిరగేసి అతను చివరికి జంబో మీద పడ్డాడు. జంబో దూడంత ఉంటాడు. దుకాణంలో కొన్న కుక్కతిండి గింజల బస్తా పది రోజుల్లో ఊదేస్తాడు. చాలదన్నట్టు రాత్రీ పగలూ ఒళ్ళు గోక్కుంటాడు. దానికి నెల నెలా పశువుల డాక్టరమ్మ దగ్గర ఇంజెక్షన్ ఒకటి.

“అమ్మా, సారీ. జంబోని నార్మన్‌కి ఇచ్చేద్దాం. వెరులంలో ఆయనకి చికెన్ ఫారం ఉంది, ప్లేస్ ఉంది,” అన్నాడు సగ్రెన్.

“వాడేమన్నా నీ నెత్తి మీద కూకున్నాడా? నా కుక్క యాడికీ పోదు!”

కొడుకూ కోడలూ ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటారు. పెనిమిటి పోయిన ఈ నాలుగేళ్ళలో మంగమ్మ తెలుగు మాట పూర్తిగా అర్థమయ్యే ప్రాణి ఆ ఇంట్లో జంబో ఒక్కడే. కూకో అంటే కూర్చుంటాడు, సచ్చినోడా అంటే తోకాడిస్తాడు. వాడు వెళ్ళిపోతే పొద్దస్తమానం గోడలతో మాట్లాడుకోవాలి. ఆ భయం ఆవిడ పైకి చెప్పలేదు. ఈస్టర్ సోమవారం దాకా గడువు మాత్రం అడిగింది. అప్పటికి జంబో ఖర్చు సగానికి దిగితే వాడు ఉంటాడు. లేకపోతే నార్మన్ వ్యాను ఎక్కుతాడు. సగ్రెన్ సరేనన్నాడు. తల్లి ఓడిపోతుందనే అనుకున్నాడు పాపం.

మర్నాడే మంగమ్మ కోళ్ళ దుకాణానికి వెళ్ళింది. అక్కడ కోడి కాళ్ళూ తలకాయలూ కలిపి వాకీ టాకీలని చవగ్గా అమ్ముతారు. పెరట్లో మూడు రాళ్ళు పెట్టి, ఎండుపుల్లలతో మంట వేసి, వాటిని మెత్తగా ఉడికించి, ఎముకలన్నీ వేళ్ళతో ఏరి పారేసింది. ఆ నీళ్ళలోనే మొక్కజొన్న పిండి, గుమ్మడికాయ ముక్కలు వేసి కెలికింది. చెరకు తోటల వైపు నడకకి వెళ్ళొచ్చాక జంబోని గుమ్మంలో పడుకోబెట్టి చెవులూ వేళ్ళ సందులూ వెతికి, పిడుదుల్ని ఒక్కొక్కటే పీకి కిరసనాయిలు డబ్బాలో వేసేది. పిడుదు కుడితే కుక్కకి వచ్చే జ్వరం ఎంత ఖరీదైనదో ఆ వీధిలో అందరికీ తెలుసు.

తిండి ఖర్చు దిగింది. గోకుడు మాత్రం ఆగలేదు. మార్చిలో మళ్ళీ ఇంజెక్షన్. సగ్రెన్ నార్మన్‌కి ఫోన్ చేసి ఈస్టర్ సోమవారం వ్యాను తెమ్మన్నాడు. ఆ సాయంత్రం మంగమ్మకి అన్నం సహించలేదు.

ఇంతలో, ఏటా ఈస్టర్ సెలవుల్లో అక్కడివాళ్ళు చేసుకునే అమ్మోరి పూజలు వచ్చిపడ్డాయి. ఈస్టర్‌కి ముందు పది రోజులు ఆ ఇంట్లో ఉపవాసం. మాంసం గేటు లోపలికి రాకూడదు, గుడ్డు కూడా పనికిరాదు. ఇంకో నియమం కూడా ఉంది. అమ్మోరి పేరు చెప్పి వండింది మనుషులే తినాలి, మిగల్చకూడదు, కుక్కకి అసలే వెయ్యకూడదు. మామూలు రోజుల్లో మంగమ్మ జంబో పళ్ళెంలో రాత్రి మిగిలిన మసాలా కూర రెండు గరిటెలు పొయ్యకుండా ఉండేది కాదు. చప్పిడి తిండి ఎవడు తింటాడని ఆవిడ వాదన. ఇప్పుడు వాకీ టాకీలూ లేవు, కూరా లేదు.

“ఏం చేత్తాంరా? నువ్వూ ఉపాసమే,” అని జంబోకి చెప్పి, మొక్కజొన్న పిండి ఉడికించి, జూలూ ఆడవాళ్ళు అమాసీ అని అమ్మే పులిసిన పాలు అందులో కలిపి పెట్టింది. ఒక పూట గుమ్మడికాయ, ఒక పూట ఉప్పు లేకుండా ఉడికించిన చిక్కుడు గింజలు. జంబో మొదటి రోజు మూతి తిప్పుకున్నాడు. రెండో రోజు పళ్ళెం నాకేశాడు.

ఎనిమిదో రోజు పొద్దున కోడలు వెనేశ్రీ టీ తాగుతూ వరండాలోకి తొంగి చూసింది.

“మా, ఈజ్ హి ఓకే? స్క్రాచింగ్ సౌండే లేదు.”

మంగమ్మ జంబోని బోర్లించి, వెల్లకిలా తిప్పి చూసింది. పొట్ట మీద ఎర్రదనం పోయింది. పుండ్లు పడ్డ చోట నూగు వస్తోంది. అప్పటికప్పుడు తాడు కట్టి డాక్టరమ్మ దగ్గరికి నడిపించుకు వెళ్ళింది. ఆవిడ చూసి, ఇంజెక్షన్ అక్కర్లేదంది. ఏం మార్చారని అడిగింది. కూర మానేశానంది మంగమ్మ. అందులో ఉల్లిపాయ ఉంటుందా అని డాక్టరమ్మ అడిగితే, ఉల్లీ వెల్లుల్లీ లేకుండా కూరేమిటని మంగమ్మ ఎదురు ప్రశ్న వేసింది. కుక్క ఒంటికి ఆ రెండూ విషమనీ, కారం, నూనె దురద పెంచి ఉంటాయనీ డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది.

తిరిగి వస్తూ మంగమ్మ దారి పొడుగునా కళ్ళు తుడుచుకుంది. నాలుగేళ్ళుగా ఆ కూరే బిడ్డకి పెట్టినట్టు ప్రేమగా పోసింది. ఇంటికి రాగానే కొడుకు ముందు దాచకుండా చెప్పేసింది.

“తప్పు నాదేరా. ఇంజిక్షను డబ్బులన్నీ నా గరిటే తినేసింది. ఇంక జంబోకి వేరే కుండ. అందులో మన కూర చుక్క పడదు.”

సోమవారం నార్మన్ వ్యాను వేసుకుని, చేతిలో కుక్క మెడకి కొత్త పట్టీతో వచ్చాడు. ఖర్చు సగం కాదు, నాలుగో వంతుకి దిగింది. అయినా నార్మన్‌కి మాట ఇచ్చిన కొడుకు ఏమంటాడో మంగమ్మకి తెలియదు. సగ్రెన్ గేటు తీయలేదు. గేటు మీద చేతులు పెట్టి అడ్డంగా నిలబడ్డాడు.

“సారీ, నార్మన్. మా జంబో ఎక్కడికీ రాడు.”

నార్మన్ కోప్పడతాడనుకుంటే, గేటు పైనుంచి నిగనిగలాడుతున్న జంబోని తదేకంగా చూశాడు. “ఆంటీ, నాకు ఆరు కుక్కలు. బస్తాలు కొనలేక చస్తున్నాను. ఏం పెడుతున్నారు వీడికి?” అన్నాడు. మంగమ్మ ఆయన్ని పెరట్లో పీట మీద కూర్చోబెట్టి, కుండ దించి, ఎముకలు ఏరడం దగ్గర్నుంచి ఆయన చేతనే చేయించింది.

మూడు వారాల తర్వాత మంగమ్మా కొడుకూ ఓటు వరసలో అయిదు గంటలు నిలబడ్డారు. ఎవరికి వేస్తున్నావని పక్కావిడ గుసగుసగా అడిగింది.

“అది సెప్పను. జంబో కుండ సంగతి అడుగు, సెప్తాను,” అంది మంగమ్మ.

అప్పటికే నార్మన్ నోటి పుణ్యాన కుండ పేరు ఊళ్ళో పాకింది. ఆడవాళ్ళు చుట్టూ మూగారు. కుక్కని ఎవరికైనా ఇచ్చేద్దామని మా ఇంట్లో గొడవ చేస్తున్నారు, ఏం చెయ్యమంటావని ఒకావిడ అడిగింది. మంగమ్మ వెనక్కి తిరిగి కొడుకుని చూపించింది.

“వీణ్ణి అడుగు.”

సగ్రెన్ చెవులదాకా ఎర్రబడ్డాడు. “గొడవ వద్దని మీవాళ్ళకి చెప్పండి ఆంటీ,” అన్నాడు అందరికీ వినబడేలా, “నేను ట్రై చేశాను. మా అమ్మ చేతిలో ఓడిపోయాను.”

వరసంతా ఘొల్లుమంది. మంగమ్మ పైట సర్దుకుని, తలెత్తుకుని, ఓటు వెయ్యడానికి లోపలికి నడిచింది.