ఎవరడిగారండీ?

జగన్నాథరావుగారికి ఒకటే జబ్బు. ఎదుటి మనిషి ఏం చేసినా, ఏం రాసినా, ఏం ఇచ్చినా “ఎవరడిగారండీ?” అంటారు. మామూలుగా అనరు. కళ్ళెర్రజేసి, బల్ల గుద్ది, పక్క వీధికి వినపడేలా అంటారు. ఆయన దగ్గర ఆరేళ్ళు పనిచేశాను. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది. ఇప్పటికీ ఎక్కడైనా వినపడితే మండుతుంది.

రాజమండ్రి దానవాయిపేటలో, మేడ మీద రెండు గదుల స్వచ్ఛంద సంస్థ మాది. పల్లెల్లో ఏ పని చెయ్యాలో ఆలోచించడం, దానికి సాయం చెయ్యమని పెద్ద సంస్థలకి ప్రపోజల్ రాయడం మా ఉద్యోగం. ఎమ్మే పాసయ్యానన్న పొగరుతో చేరాను. మొదటి వారమే ‘మహిళా సాధికారత’ అంటూ పన్నెండు పేజీలు రాసి ఆయన బల్ల మీద పెట్టాను. అందులో నలభై కుట్టుమిషన్లు. ఆ రోజుల్లో కుట్టుమిషన్ లేని ప్రపోజల్ అంటే ఉప్పు లేని పప్పే.

“ఎవరడిగారు?” అన్నారు.

“మహిళలండి.”

“ఏ మహిళ? ఇంటిపేరుతో సహా చెప్పు నాగశ్రీ, రాసుకుంటాను.”

నా దగ్గర ఒక్క ఇంటిపేరూ లేదు. పన్నెండు పేజీలూ కిటికీలోంచి వెళ్ళి కింద జీళ్ళబండి మీద పడ్డాయి. వారం రోజులపాటు ఆ బండివాడు మహిళా సాధికారతలో జీళ్ళు పొట్లాలు కట్టి అమ్మాడు. నేనూ ఒకటి కొనుక్కున్నాను, ఏడుస్తూ.

ఆయన కోపం ఊరికే రాలేదట. ముప్పై ఏళ్ళ సర్కారు ఉద్యోగంలో ఎవరూ అడగనివే పంచారు. పొగరాని పొయ్యిలు పంచితే వాటిలో కోళ్ళు గుడ్లు పెట్టాయి. ఓసారి వరదలో మునిగిన ఊళ్ళో, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మేకలు పంచారు. “ఆ ముసలాయన మేకని భుజానేసుకుని, ‘బాబూ, ఇప్పుడు దీన్ని కూడా నేనే మొయ్యాలా?’ అన్నాడమ్మాయ్!” అని చెప్పి, ఆ మేకని నేనే పంచినట్టు నా మీద అరిచారు.

ఇంట్లోనూ ఇదే గోల. ఓ ఆదివారం భోజనానికి పిలిచారు. ఆయన భార్య సూర్యకళగారు ఆవ పెట్టిన పనసపొట్టు కూర వడ్డించబోతే “ఎవరడిగారు?” అన్నారు.

“మీ నాలిక అడిగింది. నోరు మూసుకుని తినండి” అందావిడ.

నోరు మూసుకుని ఎలా తింటారో గానీ, తిన్నారు. మారు వడ్డించుకున్నారు కూడా. ఆయన దగ్గర చెల్లిన జవాబు ఆరేళ్ళలో అదొక్కటే.

ప్రపోజల్ పోస్టు చేసేముందు దాన్ని ఆ ఊరు తీసుకెళ్ళి, అక్కడివాళ్ళకి తెలుగులో చదివి వినిపించాలన్నది ఆయన పెట్టిన నియమం. ఎవరైనా “మేం అలా అన్లేదండి” అంటే ఆ వాక్యం కొట్టెయ్యాల్సిందే. నేను రాత్రీ పగలూ కూర్చుని అల్లిన ఇంగ్లీషు వాక్యాలు ఎన్ని అలా గోదాట్లో కలిసిపోయాయో చెప్పలేను.

తొంభై ఎనిమిది వేసవిలో గుమ్మడిలంక పని వచ్చింది. గోదావరి నడిమధ్యలో ఉంటుంది ఆ లంక. చిట్టెమ్మ అని ఒకావిడ ఏడాదిగా పడవ కోసం మా మెట్లెక్కి దిగుతోంది. కాన్పుకి కోడల్ని సన్నటి నాటుపడవలో కూర్చోబెట్టి తీసుకెళ్తుంటే నడి గోదాట్లోనే మనవడు పుట్టేశాడు. అంతకుముందు ఏడాది అదే పడవలో కాన్పుకి వెళ్తూ ఇంకో ఇంటి పిల్ల దక్కలేదు. మనిషిని పడుకోబెట్టి, మంచంతో సహా దాటించే ఇంజను పడవ కావాలి. ఇవ్వడానికి ఒక సంస్థ సుముఖంగా ఉంది. ప్రపోజల్‌కి మే నెలాఖరు గడువు.

సరిగ్గా అప్పుడే జగన్నాథరావుగారికి కంటి ఆపరేషన్ అయింది. “నువ్వెళ్ళి అందర్నీ అడిగి, రాసి, చదివి వినిపించి పంపు. ఎగ్గొట్టావో, కాళ్ళిరగ్గొడతాను” అన్నారు కళ్ళకి కట్టుతో.

రాజమండ్రిలో మే నెల ఎండ మీకు తెలుసు కదా. నేను వెళ్ళలేదు. రాయలసీమ సంస్థవాళ్ళ పాత ప్రపోజల్ ఒకటి ఫ్లాపీలో దొరికితే, ఊరి పేరు మార్చి, ‘బోరుబావి’ అన్నచోటల్లా ‘పడవ’ అని పెట్టి పోస్టు చేసేశాను. నా బుద్ధి గడ్డి తింది. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

ఆగస్టులో గోదావరికి వరద ఎర్రనీరు వచ్చాక, ఆ సంస్థ తరఫున మంజుషగారని ఒకావిడ హైదరాబాదు నుంచి తనిఖీకి వచ్చారు. నల్లకళ్ళద్దాలతో జగన్నాథరావుగారు, ఆవిడ, నేను నాటుపడవలో లంకకి దాటాం. దిగేసరికి ఆవిడ చీర మోకాళ్ళదాకా తడిసింది. ఒడ్డున జనం చేరారు. ఆవిడ చీర పిండుకుంటూ ప్రపోజల్ తీసి, తెలుగు చేసి చదివారు.

“ఈ గ్రామ మహిళలు బిందెడు నీళ్ళ కోసం, ఎండిన బావులు దాటుకుంటూ మూడు మైళ్ళు నడుస్తున్నారు. ఈ కరువుకి పడవ ఒక్కటే శాశ్వత పరిష్కారం.”

చిట్టెమ్మ ముక్కున వేలేసుకుంది.

“మూడు మైళ్ళు నడిత్తే పశ్చిమగోదారిలో తేల్తామండి. మేం అలా అన్లేదండి!”

మంజుషగారు నవ్వలేదు. “ఇది ఇంకో సంస్థ ప్రపోజల్. అప్పట్లో దాన్ని నేనే చదివి మంజూరు చేశాను. కాపీ చేసినవాళ్ళకి మేం సాయం చెయ్యమండి. ఎవరు రాశారిది?”

పడవ పోయింది, నా మూలంగా పోయింది. చెబుదామని నోరు తెరిచాను.

“నేనే రాశాను!” అని గావుకేక పెట్టారు జగన్నాథరావుగారు. “కాపీ కొట్టింది నేనే. కళ్ళు కనపడలేదు.”

“కళ్ళు కనపడకుండా కాపీ ఎలా కొట్టారండీ?”

“అందుకే తప్పు కొట్టాను!”

ఆవిడకి నవ్వు ఆగలేదు. ఈయనకి మాత్రం కోపం ఆగలేదు. “ఆ కాయితం గోదాట్లో పారేయండి. తప్పు నాది, నన్ను తిట్టండి. వీళ్ళేం చేశారు? ఇక్కడిదాకా వచ్చారు కదా, మీరే అడగండి! ఇన్నేళ్ళలో వీళ్ళని అడిగిన నాథుడు లేడు!”

ఆవిడ అక్కడే తిరగేసి ఉన్న చేపలబుట్ట మీద కూర్చుని అడిగారు. పోయిన పిల్ల తల్లి మాట్లాడింది. తర్వాత చిట్టెమ్మ మనవణ్ణి చంకనేసుకుని ముందుకొచ్చింది.

“ఈడు నడి గోదాట్లో పుట్టాడండి. తూరుపోళ్ళేమో పశ్చిమలో రాయించుకోమంటారు, పశ్చిమోళ్ళు తూరుపుకి పొమ్మంటారు. ఏడాది దాటిందండి, ఈడు పుట్టినట్టు ఎవరూ ఒప్పుకోట్లేదు. ఇంకెవరికీ ఇలా అవకూడదండి. మంచం పట్టే పడవ ఇప్పించండి.”

మంజుషగారు చెప్పింది చెప్పినట్టు సొంత చేత్తో రాసి, తిరిగి వాళ్ళకే చదివి వినిపించారు. ఎవరూ “అలా అన్లేదండి” అనలేదు.

మరుసటి ఏప్రిల్‌లో పడవ వచ్చింది. చూడ్డానికి లంకకి వెళ్ళాం. వెడల్పాటి పడవ, మధ్యలో మంచం పట్టే చోటు. దాత పేరు రాసే చోట ఏవో పెద్ద అక్షరాలు కనపడగానే జగన్నాథరావుగారు అలవాటుగా “ఈ రాతలు ఎవరడిగారు?” అని లేచారు. దగ్గరికెళ్ళి చదివారు. ‘మేమే అడిగామండి’ అని ఉంది. “అక్షరాలు వంకర” అని సణుక్కుంటూ కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

ఆ పడవలోనే తిరిగొచ్చాం. ఆ తనిఖీ తర్వాత ఎనిమిది నెలలపాటు ఆయన నన్ను ప్రతి కామాకీ తిట్టారు గానీ, ఆ కరువు సంగతి మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. నాకు అదే మరీ కోపం తెప్పించింది. ఇక ఉండబట్టలేక ఇంజను మోతకి పైన అరిచాను.

“ఆ రోజు నా తప్పు మీ నెత్తినేసుకోమని మిమ్మల్ని ఎవరడిగారండీ?”

ఆయన నావైపు ఎర్రగా చూశారు.

“నీ మొహం అడిగింది. నోరు మూసుకుని కూర్చో, పడవ ఊగుతోంది.”