రెండో బేస్ గురించి నేను చెప్పిన మాట

హెర్న్‌డన్‌లో కాపురం పెట్టిన మొదటి వేసవిలో, పగలంతా నా చెవిన పడిన ఇంగ్లీషు గొంతు ఒక్కటే, రేడియోలో బేస్‌బాల్ కామెంటరీ చెప్పే పెద్దాయనది. మా ఆయన పొద్దున్నే ఆఫీసుకు వెళ్తే చీకటి పడ్డాకే వచ్చేవారు. పాపకు ఇంకా ఏడాది నిండలేదు. టీవీలో మాటలు పరుగెత్తేవి, నాకు అందేవి కావు. బేస్‌బాల్ అలా కాదు. బంతికీ బంతికీ మధ్య బోలెడంత తీరిక. ఆ తీరికలో ఆయన ఎవరు ఎక్కడ నిలబడ్డారో, గాలి ఎటు వీస్తోందో నింపాదిగా చెప్పేవారు. బాపట్లలో అన్నయ్యల పక్కన కూర్చుని క్రికెట్ కామెంటరీ విన్న చెవులు కదా, తొందరగానే అలవాటు పడ్డాయి. డెబ్బైలు ముగిసేసరికి ఇంగ్లీషుతో పాటు ఆట కూడా నాకు పట్టుబడింది.

మా ఊరికి సొంత జట్టు లేదు. గంటన్నర దూరంలో ఉన్న నగరం జట్టునే మా జట్టు అనుకునేవాళ్లం. అది ఆడే డివిజన్‌లో ఏడు జట్లు. సీజన్ ముగిసేసరికి ఏడింటిలో మొదట నిలిచినదానికే పై పోటీలకు దారి. అందుకే చలికాలంలో ఆట ఆగినా తగువులు ఆగేవి కావు. ఎవరిని ఎవరికిచ్చి ఎవరిని తెచ్చుకున్నారు, దాంతో ఏ జట్టు పైకి లేస్తుంది, ఏది కుంగుతుంది అని సాయంత్రాలు రేడియోలో ఒక కార్యక్రమం వచ్చేది. జనం ఫోన్ చేసి వాదించేవాళ్లు. నేను కూరగాయలు తరుగుతూ వినేదాన్ని.

ఎనభైల నడుమ ఒక డిసెంబర్‌లో మా జట్టు పరుగెత్తేవాడు తాకాల్సిన నాలుగు మూలల్లో రెండోదాన్ని, అంటే రెండో బేస్‌ను, కాచే ఆటగాణ్ణి ఇచ్చేసి, బంతిని మైదానం అవతలికి కొట్టే పెద్ద బ్యాటర్‌ను తెచ్చుకుంది. ఊరంతా పండగ చేసుకుంది. ఫోన్ చేసిన ప్రతివాడూ, ఈసారి డివిజన్ మనదే అన్నాడు. నాకు మాత్రం మనసొప్పలేదు. బంతి విసిరే మా పిచర్లు వేగంగా వేసి బ్యాటర్‌ను బెదరగొట్టే రకం కాదు. బంతిని కిందికి వేసి నేలబారుగా కొట్టిస్తారు. ఆ నేలబారు బంతిని ఒడుపుగా అందుకుని, ఒకే బంతికి ఇద్దర్ని అవుట్ చేయించినవాడు ఆ రెండో బేస్ కుర్రవాడే. వాడు లేకపోతే ఆ బంతులన్నీ సందుల్లోంచి జారిపోతాయి. ఈ మాట ఎవరో ఒకరు అంటారని మూడు సాయంత్రాలు ఎదురుచూశాను. ఎవరూ అనలేదు.

నాలుగో రోజు నేనే ఫోన్ చేశాను.

కార్యక్రమం నడిపే ఆయన నా రెండో వాక్యం పూర్తి కానివ్వలేదు. "అమ్మా, వంటల ప్రోగ్రాం వేరే స్టేషన్‌లో వస్తుంది," అని నవ్వి లైన్ కట్ చేశాడు. ఆ తర్వాత మాట్లాడినవాడు నా యాసను అనుకరించాడు. ఇద్దరూ కలిసి నవ్వుకున్నారు.

రిసీవర్ పెట్టేసి రేడియో కట్టేశాను. ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచీ బ్యాంకులో, బజార్లో, పాప స్కూల్లో నేను నోరు తెరిస్తే చాలు, నా మాట ఎదుటివాళ్లే ముగించేసేవాళ్లు. దయతో ముగించినవాళ్లే ఎక్కువ. అయినా అది నా మాట అయ్యేది కాదు.

మా ఆయన కారులో వస్తూ అంతా విన్నారట. "ఎందుకోయ్ నీకీ గొడవ? ఆఫీస్‌లో ఎవరైనా విని ఉంటే బావుండదు," అన్నారు, బూట్లు విప్పుతూ.

"నేను చెప్పింది తప్పా?"

"తప్పని కాదు..."

"తప్పు కాకపోతే మళ్లీ చేస్తాను."

మరుసటి రోజు పాప బడి నుంచి మొహం ముడుచుకుని వచ్చింది. దానికి అప్పటికి ఎనిమిదేళ్లు. "అమ్మా, మా ఫ్రెండ్ డాడీ రేడియో విన్నాడంట. అది యువర్ మామ్ కదా అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"నో అని చెప్పాను." బ్యాగ్ కింద పెట్టి, "సారీ" అంది.

కోపం రాలేదు. దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ రెండో బేస్ సంగతి మొత్తం చెప్పాను. టేబుల్ మీద నాలుగు నిమ్మకాయలు బేసుల్లా పెట్టి, శనగగింజను దొర్లించి చూపించాను. అది శ్రద్ధగా చూసి, "నువ్ రైటే అమ్మా. కానీ నువ్వు పిచ్చర్ అంటున్నావ్. పిచర్ అను. మధ్యలో అంత గట్టిగా వద్దు," అంది.

"పిచర్."

"బెటర్. ఫాస్ట్‌గా చెప్పు. వాళ్లు వెయిట్ చేయరు."

వారం రోజులు తల్లీకూతుళ్లం అదే పని. చెప్పదలచుకున్నదాన్ని మూడు వాక్యాలకు కుదించాను. గిన్నెలు తోముతూ, బట్టలు మడతపెడుతూ, చర్చికి వెళ్లే దారిలో పెదవులు కదుపుతూ అవే వాక్యాలు చెప్పుకున్నాను. పక్క సీట్లో మా ఆయన నేను ప్రార్థన చేసుకుంటున్నాననుకున్నారు.

రెండోసారి ఫోన్ చేసినప్పుడు కార్యక్రమం నడిపే ఆయన నన్ను గుర్తుపట్టాడు. "ఓహో, మళ్లీ మీరా! సరే మేడమ్, ముందు నాకొకటి చెప్పండి. ఇన్‌ఫీల్డ్ ఫ్లై రూల్ అంటే ఏమిటి?"

ఏళ్ల తరబడి ఆట చూసినవాళ్లు కూడా తడబడే రూలది. నన్ను ఇరికించడానికే అడిగాడు. నేను తడుముకోకుండా చెప్పాను. మొదటి రెండు బేసుల్లోనూ మనుషులుండి, ఇద్దరింకా అవుట్ కాకముందు, లోపలి ఫీల్డర్‌కు తేలిగ్గా దొరికే బంతి గాల్లోకి లేస్తే, పట్టకముందే అంపైర్ బ్యాటర్‌ను అవుట్ అంటాడు. ఫీల్డర్ కావాలని బంతి వదిలేసి, ఒకరికి బదులు ఇద్దర్ని అవుట్ చేయకుండా ఆ కట్టడి. చెప్పి, ఊపిరి తీసుకోకుండా నా మూడు వాక్యాలూ చెప్పేశాను.

అటువైపు నవ్వు లేదు. "అయితే ఏడు జట్లనూ మీరు వరుసలో పెట్టండి చూద్దాం," అన్నాడు.

పెట్టాను. సరస్సు ఒడ్డు ఊరి జట్టు మొదటిది. ఎవరూ పట్టించుకోని ఒక ఎడమచేతి పిచర్‌ను వాళ్లు చప్పుడు లేకుండా తెచ్చుకున్నారు. మా జట్టు నాలుగోది. వయసు మళ్లిన పెద్ద ఆటగాళ్లను పోగేసుకున్న పెద్ద నగరం జట్టు ఆరోది.

ఆ సాయంత్రమంతా జనం ఫోన్ చేసి నన్ను తిట్టారు. ఒకాయనైతే, ఆమెకు మన జట్టంటే అంత ఇష్టం లేకపోతే సరస్సు ఒడ్డునే ఇల్లు కొనుక్కోమను అన్నాడు. మా ఆయన ఆ మాటకు లేచి రేడియో దగ్గరికి వెళ్లారు. కట్టేస్తారనుకున్నాను. సౌండ్ పెంచి, "వీడికి రెండో బేస్ ఎక్కడుంటుందో కూడా తెలిసినట్టు లేదు," అన్నారు. నిమ్మకాయల పాఠం పాప ఆయనకూ చెప్పిందని తర్వాత తెలిసింది.

ఆ చలికాలమంతా వారం విడిచి వారం ఫోన్ చేశాను. ఏ జట్టు ఏ మార్పు చేసినా, దానికి ఏం కావాలి, దొరికిందేమిటి, పోయిందేమిటి అని చూసేదాన్ని. లైన్ కలిపే అమ్మాయి నా గొంతు వినగానే, "హెర్న్‌డన్ ఆవిడేనా? ఉండండి," అనేది. కొన్నిసార్లు నా వంతు రాకుండానే కార్యక్రమం అయిపోయేది. అయినా చెప్పాలనుకున్న ఆ మాటలు పారేసుకోలేదు. మరో వారం చెప్పాను.

సీజన్ మొదలైంది. కొత్త బ్యాటర్ బంతుల్ని గ్యాలరీల్లోకి పంపుతుంటే మా జట్టు దూసుకుపోయింది. ఆ కార్యక్రమం ఆయన, "హెర్న్‌డన్ మేడమ్, వింటున్నారా?" అని ఎత్తిపొడిచేవాడు. వింటూనే ఉన్నాను. ఎండలు ముదిరాక నేలబారు బంతులు రెండో బేస్ పక్కనుంచి జారడం మొదలైంది. ముగియాల్సిన ఇన్నింగ్స్ ముగియక పిచర్లు అలసిపోయారు. ఆటలు ఒక్కొక్కటే చేజారాయి. చివరికి మా జట్టు మూడో స్థానంలో ఆగింది. నేను నెత్తిన పెట్టుకున్న సరస్సు ఒడ్డు జట్టు ఐదోది అయింది. డివిజన్ గెలిచింది ఎవరంటే, నేను ఆరో స్థానంలో పడేసిన పెద్ద నగరం వాళ్లు!

అక్టోబర్‌లో ఫోన్ చేస్తే ఆయన గొంతు మారింది. "మేడమ్, రెండో బేస్ గురించి మీరన్నదే జరిగింది."

"జరిగింది. కానీ గెలిచినవాళ్లను నేను ఆరో చోట పెట్టాను."

"అది నేను అడగకూడదనుకున్నాను."

"మీరు అడగకపోయినా నేను చెప్పాలి. వాళ్లు తెచ్చుకున్న పెద్ద పేర్లనే చూశాను. వాళ్లకు బదులుగా దింపడానికి బెంచి మీద ఎవర్ని కూర్చోబెట్టుకున్నారో చూడలేదు. పెద్దవాళ్లు అలసిపోయినప్పుడల్లా ఆ బెంచీయే ఆటలు గెలిపించింది. ఈసారి ముందుగా ఏడు జట్ల బెంచీలూ చూస్తాను."

ఆయన డిసెంబర్‌లో ఆటగాళ్ల మార్పిళ్లు ముగిశాక ఒక పావుగంట నాకే ఇస్తానన్నాడు. ఇచ్చాడు కూడా. ఆ రోజు మా ఆయన ఆఫీసు నుంచి త్వరగా వచ్చి అన్నం వండారు. పాప నా ఎదురుగా కూర్చుని, నేను తొందరపడితే చేత్తో నెమ్మదించమని, నెమ్మదిస్తే వేగం పెంచమని సైగలు చేసింది. ఏడు జట్ల గురించీ చెప్పాను. చెప్పడం అయ్యీ కాకముందే ఒక ముసలాయన లైన్‌లోకి వచ్చి, బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టే మా జట్టు కొత్త క్యాచర్ గురించి నేను చెప్పింది శుద్ధ తప్పు, అతని మోకాలు ఎప్పుడో పాడైందని గొడవకు దిగాడు. నేనూ దిగాను. ఎవరం తగ్గకుండానే టైమ్ అయిపోయింది.

రిసీవర్ పెట్టేశాక కూడా ఆ ముసలాయన మాట నన్ను వదల్లేదు. అన్నం కలుపుకుంటూ, "మోకాలి సంగతి ఆయన చెప్పింది నిజమై ఉండొచ్చండీ," అన్నాను.

"అయితే?" అన్నారు మా ఆయన.

"రేపు లైబ్రరీకి వెళ్లి పాత పేపర్లు చూడాలి. కారు నాకు వదిలి వెళ్లండి."