టేబుల్ మీద బొంబాయి

ఆదోనిలో మా మామ పత్తి మండీలో ఒక పెద్దాయన ఉండేవాడు. పత్తిని వేళ్ళతో లాగి, పింజ పొడవు చూసి, ఒకటో రకమో రెండో రకమో చెప్పడం ఆయన పని. వయసులో ఉన్నప్పుడు బొంబాయి రేవులో పత్తి బేళ్ళ దగ్గర పని చేసినాడట. అందుకే మా ఊరి నుంచి బొంబాయి పోయేవాళ్ళు ఎవరైనా సరే, ముందు ఆయన టేబుల్ దగ్గర కూర్చోవాల్సిందే.

టేబుల్ మీది సిరా మరక సముద్రం. దాని ఒడ్డున దూది ఉండలు ఒక్కొక్కటే పెట్టేవాడు. "ఇది రేవు. ఇవి గోడౌన్లు. ఈడ మిల్లు. ఆ ఊరిని నిలబెట్టింది తెల్లోడు కాదప్పా, మన పత్తి." చివరి ఉండ ఎప్పుడూ ఇరానీ హోటలే. "ఆడ చాయ్ తాగి నా పేరు చెప్పు. మర్చిపోవద్దు."

డెబ్బై ఎనిమిదిలో నేనూ బొంబాయి పోయినాను. ఎండలో గంటసేపు వెతికితే ఆ హోటల్ ఉండాల్సిన మూలన చెప్పుల అంగడి కనిపించింది. ఆ మాట చెప్పి పెద్దాయన మనసు కష్టపెట్టడం ఎందుకులే అనుకున్నాను.

తిరిగి రాగానే అడిగినాడు. "చాయ్ తాగినావా?"

"తాగినాను. మీ పేరు చెప్పంగానే గల్లా దగ్గరున్న ముసలాయన లేచి నిలబడినాడు."

పత్తిని చూసినట్టే నన్ను కాసేపు చూసినాడు.

"ఆ హోటల్‌ను నేను ఆడ ఉండంగానే మూసేసినారప్పా. నీ అబద్ధం రెండో రకం. ఒకటో రకం మన మండీ గుమాస్తాది. పోయినేడు పోయొచ్చి, బన్ను కూడా తిన్నానన్నాడు."