మాపటేళ ముగ్గు

నరసక్క నిద్ర లేచేసరికి గుమ్మం బయట ఎర్రటి వెలుగు. అయ్యో, తెల్లారిపోయిందే అని చీపురు అందుకుంది. వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు సగం వేసేసరికి ఎదురింటి పెద్దక్క గట్టిగా అరిచింది.

"ఏమ్మే, దీపాలు పెట్టే యాళకు కళ్లాపి చల్లుతాండావు! మతుండాదా?"

అప్పుడు చూసింది, ఎరుపు పడమటి దిక్కున ఉంది. నరసక్కకు ఏడుపొచ్చింది.

పెనుకొండ పక్కన కార్లకు వైర్లు చుట్టే ఫ్యాక్టరీలో ఆమె పని. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఒళ్లు పగటికి అలవాటు పడిందో లేదో, వ్యాను రాత్రికొచ్చి హారన్ కొడుతుంది. ఒంటి అలుపు సరే, మతి తప్పితే పనిలో ఎవరు ఉంచుకుంటారు? అదీ ఆమె భయం.

రోజూ రైల్లో ధర్మవరం వెళ్లి డిగ్రీ చదివే కూతురు కావ్య అప్పుడే రైలు దిగి వచ్చింది.

"నాకు పిచ్చి పడతాందేమో పాపా."

"పిచ్చి గాదు మా." కావ్య నీళ్ల తొట్టి అంచున పట్టిన పచ్చటి పాచి చూపించింది. "ఇట్లాంటి పాచిలో కంటికి ఆనని బ్యాక్టీరియా ఉంటాది. దాని లోపల మూడు ప్రొటీన్లు. ఒకదానికి ఫాస్ఫేటు అంటుకునేట్టు ఇంకోటి ఎగదోస్తాది, మూడోది పట్టి ఆపుతాది. అంటుకొని, ఊడిపొయ్యేసరికి ఒక దినం. అదే దాని గడియారం. ఆ మూడింటినే బయటికి తీసి, కొంచెం మేత పోసి గాజు గొట్టంలో పెట్టినా, చీకట్లోనూ అట్లే తిరుగుతాంటాయి. మన ప్రొటీన్లు వేరు గానీ, నీ ఒంట్లోనూ గడియారం ఉండాది. వెలుతురుకు అది సర్దుకునేలోపల ఫ్యాక్టరీవాళ్లు షిఫ్టు మళ్లా తిప్పేస్తాండారు. ఒకే షిఫ్టు అడుగు మా."

"పాచికుండే సుఖం గూడా నాకు లేకపాయె," అని నవ్వింది నరసక్క. నవ్వడానికీ ఓపిక కావాలి, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

మర్నాడు సూపర్‌వైజర్ ఆనంద్‌ను అడిగింది. పగలు ఖాళీ లేదు, రాత్రైతే ఎప్పటికీ రాత్రే అన్నాడు. సరేనంది.

ఆ మాట విని కావ్య మొహం వాడిపోయింది. తను చెప్పిన పాఠమే తన మెడకు చుట్టుకుంది.

"నేనొచ్చేసరికి నువ్వు పోతావు. ఇంక మనం మాట్లాడుకునేది ఎప్పుడు మా?"

"తెల్లారి నేను వ్యాను దిగేటప్పుడు నువ్వు ఈడనే ఉంటావు గదా. ముగ్గు నువ్వు మొదలుపెట్టు, కలిసి ముగిద్దాం."

మొదటి వారమే ఒకనాడు వ్యాను ఆలస్యమైంది. నరసక్క దిగేసరికి వాకిట్లో సగం ముగ్గు, పక్కన పిండి గిన్నె. కావ్య రైలుకు వెళ్లిపోయింది.

నరసక్క కూర్చుని మిగతా సగం వేసింది.