ఉప్పు చేయని తప్పు

అండమాన్‌లో ఏ యంత్రం మొరాయించినా నేరం ఉప్పుగాలిదే. డిగ్నాబాద్‌లో పుట్టి పెరిగిన కనకలక్ష్మి కూడా ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ మాటే నమ్మింది. తాతల నాడు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన చేపల వేటగాళ్ల ఇంటి పిల్ల, కంప్యూటర్ల పని పట్టుకుంది. పడవ ఎక్కడుందో ఇంట్లోవాళ్ల ఫోనులో చుక్కగా చూపే పెట్టె తయారుచేసి, మొదటిది బాబాయి మల్లేశు పడవలోనే బిగించింది.

పోయిన నెల ఆ చుక్క మూడు గంటలు మాయమైంది. సాయంత్రానికి మల్లేశు చేపలతో నిక్షేపంగా దిగాడు గానీ, పిన్ని కాళమ్మ అప్పటికే ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. ఆ రోజు నుంచి ఆయన ఒడ్డెక్కేదాకా ఆమె ముద్ద ముట్టడం లేదు.

“ఉప్పు తినేసినాది,” అన్నాడు మల్లేశు. జీపీఎస్ నుంచి పెట్టెకు వచ్చే తీగ మార్చారు. చుక్క మళ్లీ పోయింది. మళ్లీ మార్చారు. చివరికి సముద్రం మొహం చూడని తీగతో ఇంట్లో బల్ల మీద పెట్టి చూస్తే, అక్కడా అదే రోగం! కనకలక్ష్మికి సిగ్గేసింది. తప్పు తన పెట్టెలోనే ఉంది.

ఇక కెర్నెల్‌లోకి దిగింది. పెట్టెలోని పనులన్నీ నడిపించే అసలు ప్రోగ్రాం అది. అందులో, పడవ జాడ చెబుతూ తీగ మీద వచ్చే అక్షరాలను అందుకునే భాగం, డ్రైవర్ అంటారు, కెర్నెల్ పిలిచిన ప్రతిసారీ ఒక్కటే తీసుకుని వెళ్లిపోతోంది. పడవలోంచి చేపల బుట్టలు అందిస్తుంటే, ఒకటి పట్టుకుని కబుర్లకు పోయే మనిషిలాగా! పెట్టెకు వేరే పని ఎక్కువైనప్పుడు మిగతా అక్షరాలు పోగుపడి, చోటు చాలక పొర్లిపోతున్నాయి, చుక్క మాయమవుతోంది. ఆమెకు ఒళ్లు మండింది. ఉన్నవన్నీ ఖాళీ చేశాకే కదలాలని నాలుగు వరుసలు రాసింది. చిలుము పట్టిందని పారేసిన మొదటి తీగనే వెతికి తెచ్చి, రెండు రోజులు పరీక్ష పెట్టింది. ఒక్క అక్షరం కూడా జారిపోలేదు.

మర్నాడు జెట్టీకి వెళ్లి, పడవలోనూ ఆ పాత తీగే తగిలించింది.

“ఏటమ్మీ, పాగల్ అయిపోనావా?” అన్నాడు మల్లేశు. “ఈపాలి పోనాదంటే పెట్టె సముద్రంలోకి ఇసిరేస్తాను.”

“ఇసిరేయ్ బాబాయ్. పోదు గానీ. పక్కా.”

ఆ మాట అనేసి నేరుగా పిన్ని ఇంటికి వెళ్లి కూర్చుంది. పదయింది, పన్నెండయింది. చుక్క కదులుతూనే ఉంది. ఒంటిగంటకు కాళమ్మ ఫోను గోడకు ఆనించి, లోపల్నుంచి రెండు కంచాలు తెచ్చింది.

“తిందాం రాయే. మీ బాబాయి అదిగో, ఉన్నాడు కదా.”

చూపు మాత్రం ఫోను మీంచి తిప్పలేదు. అయినా కడుపునిండా తింది.