ఆకు మీద చెయ్యి

మా వాళ్లంటే నాకు కోపం. దాన్ని దాచుకునే ఓపిక ఇప్పుడు లేదు. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి "వద్దు, వద్దు" అంటూనే, వేళ్ల సందులోంచి బూరె ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసే మనుషులు మేం. శ్రీకాకుళం వదిలి జంషెడ్‌పూర్ వచ్చి రెండు తరాలైంది. పిల్లలు తెలుగుకి హిందీలో జవాబు చెబుతున్నారు. ఆ చెయ్యి అడ్డం పెట్టడం మాత్రం పోలేదు.

నా కూతురికి ఎనిమిదేళ్లు. ఎదుటివాళ్ల మొహం చూసి మనసులో ఏముందో పోల్చుకోవడం మిగతా పిల్లలకి వచ్చినట్టు దానికి రాలేదు. ఎవరైనా నచ్చితే గట్టిగా వాటేసుకునేది. అవతలి పిల్ల ఊపిరాడక ఏడుస్తున్నా ఆటే అనుకునేది. బారిడీహ్‌లో మా వీధి పిల్లలు దీన్ని చూస్తే తలుపులేసుకునేవాళ్లు. అందుకే వారం వారం స్కూటరు మీద ఊరి అటు చివరున్న సోనారికి, థెరపీకి తీసుకెళ్తున్నాను. అక్కడి మేడమ్ నేల మీద కూర్చుని దీనితో వంటింటి ఆట ఆడుతుంది. ప్లాస్టిక్ ఇడ్లీలు వడ్డించమని, "బస్" అంటూ చెయ్యి అడ్డం పెడుతుంది. మొదట్లో ఇది ఆపేదే కాదు, మేడమ్ ఒళ్లంతా ఇడ్లీలే. మొహం చూడు, మాట విను, ఆగు. ఆ కాస్త నేర్చుకోడానికి ఎండాకాలం పోయింది, వానాకాలమూ పోయింది. ఒకరోజు మా వరండాలో పక్కింటి పాప "ఛోడ్" అంటే ఇది చేతులు వదిలేసి వెనక్కి జరిగింది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

కార్తీకమాసంలో ఒక ఆదివారం మా ఆడపడుచు సాక్చి నుంచి భోజనానికి వచ్చింది. మా ఆయన కంటే పెద్దది, నాకు వదిన. బూరెలు తనే వడ్డిస్తానని పిల్ల పళ్లెం పట్టుకుంది. మారు వడ్డనకి వచ్చేసరికి వదిన ఆకు మీద చెయ్యి పెట్టి, "వద్దమ్మా, చాలు, చాలు" అంది. పిల్ల ఆవిడ మొహంలోకి చూసింది, చేతిని చూసింది, "ఠీక్ హై" అని పళ్లెం వంటింట్లో పెట్టి మూతేసి వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడ వదిన మొహం మాడిపోయింది.

"ఏటే, పుట్టింటికొత్తే రెండో బూరెకి దిక్కు నేదా?" అంది నాతో.

"మీరే వద్దన్నారు కదా వదినా."

"వద్దంటే మానేత్తారేటి? ఆ సోనారి డాక్టరమ్మ ఇదేనేటి నేర్పుతన్నాది?"

"బువా నే మనా కియా," అంది పిల్ల అయోమయంగా, అత్తే కదా వద్దంది అని.

నేను బూరె తెచ్చి వెయ్యబోతే అక్కర్లేదని లేచి చెయ్యి కడుక్కుంది. ఈసారి నిజంగా వద్దనుకుందో, ఇంకోసారి బతిమాలించుకోవాలనుకుందో నాకు తెలియలేదు. ఇన్నేళ్లు వీళ్లతో కాపురం చేసిన నాకే తెలియనిది ఎనిమిదేళ్ల పిల్లకి తెలియాలట!

వెళ్తూ వెళ్తూ వదిన పిల్ల బుగ్గ పట్టుకుని లాగింది. "వద్దు," అంది పిల్ల, శుభ్రమైన తెలుగులో. వదిన నవ్వి రెండో బుగ్గ కూడా పట్టుకుంది.

"అలాగే అంటాది గానీ, ఇష్టమే దీనికి."

పిల్ల కర్రలా బిగుసుకుపోయింది. "వద్దు, వద్దు" అంటూ నా కేసి చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి వదిన చెయ్యి పట్టుకుని తీసేశాను. పెద్దావిడ చెయ్యి అలా పట్టుకోకూడదని నాకూ తెలుసు.

"వద్దంటే వద్దే వదినా," అన్నాను. వీధంతా వినబడే ఉంటుంది. ఆవిడ వెళ్లొస్తానని కూడా అనకుండా ఆటో ఎక్కింది.

గుమ్మం పక్కన నిలబడి ఇదంతా చూసిన మా ఆయన, ఆటో మలుపు తిరిగాక తలుపు మూశాడు.

"ఇంక సోనారి ఎల్లొద్దు, మానిపించీ. మొహాలు చూడ్డం ఒకరు నేర్పితే వత్తాదేటి? పెద్దయితే అదే వత్తాది," అన్నాడు.

"మానిపించను," అన్నాను. ఇంకో మాట అంటే గిన్నెలు ఎగిరేలా ఉన్నాయి. పళ్లు బిగించి ఎంగిలాకులు ఎత్తుతున్నాను. పిల్ల వచ్చి నా ముందు వంగి, కనుబొమలూ నోరూ, మేడమ్ చూడమన్న చోటల్లా చూసింది.

"గుస్సా?" అంది.

"ఆఁ, కోపమే."

"నా మీదా?"

"నీ మీద కాదమ్మా."

గుమ్మంవైపు చూసింది. అక్కడ అత్త లేదు. తర్వాత వాళ్ల నాన్నవైపు తిరిగింది.

"నాన్నా, నీ మీదే," అంది.

ఆయన నవ్వబోయి ఆగి నా మొహం చూశాడు. పెళ్లయ్యాక అంతసేపు చూడటం అదే మొదలు. పిల్ల తప్పు చెప్పిందని నేనంటానేమోనని చూశాడు. నేను అనలేదు.