పది సెకన్ల పెట్టె

ఆ చిన్న రేడియో స్టేషన్లో అందరూ ఆయన్ని ఫ్యూజు మావయ్య అంటారు. ఇరవయ్యేడేళ్లుగా అక్కడి మెకానిక్కు. స్పీకర్లో చిన్న మూలుగు వినిపిస్తే చాలు, ఏ వైరు వదులైందో కుర్చీలోంచి లేవకుండా చెప్పేస్తాడు. ఆ చెవులకన్నా ఆయనకు గర్వం లాగ్‌బుక్కంటే. ఏ యంత్రం ఎందుకు ఆగిందో అందులో రాస్తాడు. ఇన్నేళ్లలో ఒక్క అబద్ధపు ముక్క రాసింది లేదు.

యంత్రాలన్నిట్లో ఆయన ముద్దుబిడ్డ ఒక పెట్టె. స్వయంగా చేసుకున్నది. ప్రసారంలో పది సెకన్లు చప్పుడు ఆగితే, ఏదో పాడైందనుకుని, తనంతట తానే వయొలిన్ టేపు మొదలుపెడుతుంది.

కొత్త మేనేజరు వచ్చేదాకా అంతా బాగానే ఉంది. ఆయనగారు ప్రతి ఆదివారం ఉదయం శ్రోతలకు జీవిత సత్యాలు బోధిస్తారు. ఎవరైనా చూస్తుంటే సత్యాలు నోటికి రావట, స్టూడియో అద్దానికి పరదా వేయించుకున్నారు. గొప్ప వక్తలు మధ్యమధ్య ఆగుతారని ఎవరు నూరిపోశారోగానీ, "మనిషి..." అని ఆగి, కళ్లజోడు తుడుచుకుని, మంచినీళ్లు తాగి, అప్పుడు "ఎవరు?" అంటారు. మొదటి ఆదివారం మనిషి ఎవరో తేలకముందే వయొలిన్ అందుకుంది.

సోమవారం మావయ్యకు తలంటు పోశారు.

"నీ డొక్కు పెట్టె నా పరువు తీసింది! అది చెడిపోయిందని రాయి."

"చెడిపోలేదండీ. మీరు పదమూడు సెకన్లు ఆగారు. దాని పని అది చేసింది."

"అంటే తప్పు నాదా?"

"నేనన్లేదండీ, గడియారం అంటోంది."

"రాస్తావా, పెట్టె పీకేస్తావా?"

మావయ్య అబద్ధం రాయడంకన్నా పీకడమే నయమనుకున్నాడు. పీకి, "బాగా పనిచేస్తున్న పెట్టెను మేనేజరుగారి మాట మీద తీసేశాను" అని రాశాడు.

తర్వాతి ఆదివారం మేనేజరు "సుఖం..." అని ఆగారు. పక్క గదిలో మావయ్య పళ్లు నూరుతూ కూర్చున్నాడు. కళ్లజోడు తుడుస్తున్నారు కాబోలు. నీళ్లు తాగుతున్నారు కాబోలు. నిమిషం దాటింది. ఈ వారం బిందెడు తాగుతున్నట్టున్నారని తిట్టుకున్నాడు. నాలుగో నిమిషంలో ఇంటి నుంచి భార్య ఫోను చేసింది.

"ఏమండీ, మీ మేనేజరు పోయాడా, మైకు పోయిందా?"

మావయ్య పరుగున వెళ్లి తలుపు తీస్తే, లోపల మేనేజరు చేతులూపుతూ సుఖం గురించి దంచి పారేస్తున్నారు. మైకు ప్లగ్గు ఊడి ఆయనగారి చెప్పు పక్కనే పడి ఉంది. ఇరవయ్యేడేళ్ల చెవులు, ఆ మాత్రం నిశ్శబ్దాన్ని పోల్చుకోలేకపోయాయి! సిగ్గుతో మావయ్య తలెత్తలేకపోయాడు.

"ఇంతసేపూ నిద్రపోతున్నావా?" అని మేనేజరు ఎగిరిపడ్డారు. "ఎందుకు జరిగిందో రాయి. ఉన్నదున్నట్టు రాయి!"

మావయ్య లాగ్‌బుక్కు తెరిచి రాశాడు:

"నాలుగు నిమిషాలు ప్రసారం లేదు. కారణం: ప్లగ్గు ఊడింది. గమనించకపోవడానికి కారణం: మేనేజరుగారు ఆలోచిస్తున్నారనుకున్నాను. తప్పు నాదే."